సంబంధం అన్న గడిలో

ఫోనెత్తగానే ఎవరూ పేరు చెప్పరు.
ముందు దగ్గుతారు.
వెనక టీవీ గొంతు తగ్గిస్తారు.
"అది... మాన్పించే ఆసుపత్రేనా అమ్మా?" అంటారు,
అద్దెకి ఇల్లు ఖాళీగా ఉందా అన్నట్టు.

నెల్లూరు దాటాక పొదలకూరు రోడ్డులో
నీలం గేటు, లోపల నలభై మంచాలు,
గేటు పక్క గదిలో నేనూ, ఫోనూ, గళ్ళ రిజిస్టరూ.
చేరిన కొత్తలో నాకొక కాగితం ఇచ్చారు:
ఎన్నేళ్ళుగా, రోజుకెంత, షుగరుందా,
చివరి చుక్క ఎప్పుడు.
రేషన్ కార్డుకి వివరాలు రాసుకున్నట్టు
వరసగా అడిగేదాన్ని.
మూడో ప్రశ్నకే లైను తెగేది.

ఇప్పుడు ముందు "అన్నం తిన్నారా?" అంటా.
ఆ ఒక్క మాటకి
కావలి టీచరమ్మ ఒకామె పది నిమిషాలు ఏడ్చింది.
ముత్తుకూరు నుంచి ఒక తండ్రి
రొయ్యల గుంట గట్టు మీద నిలబడి
ఏరేటర్ల మోతకి పైగా అరిచాడు:
"కట్టేసైనా తెస్తా, చేర్చుకోండి!"
కట్టేసి తేవద్దని చెప్పడానికి
ఆ మోత ఆగిందాకా ఆగాను.

శుక్రవారం రాత్రి, పదకొండు దాటాక, కొత్త నంబరు.
"మా బామ్మర్ది కోసమమ్మా."
పొదలకూరు నిమ్మకాయల యార్డులో కాటా వేస్తాడంట.
పొద్దున్నే చుక్క పడకపోతే
బస్తా మీద అంకె రాయలేడంట.
"కాటా ముల్లయినా నిలబడతాది గానీ
నా చెయ్యి నిలబడదు..."
ఆగి,
"వాడి చెయ్యి" అన్నాడు.

నేనేం వినలేదు.
రోగికి మీరేమవుతారు అన్న గడిలో
బావ అని రాశాను.

"మీ బామ్మర్దికి చెప్పండి,
ఈ రాత్రికి రాత్రే మానేస్తానని ఒట్టేసుకోవద్దు.
ఒట్టుకి ఒళ్ళు ఒప్పుకోదు, ఫిట్సొస్తాయి.
చెమటలు పోసి, లేని చీమలు పాకినట్టుంటే
మా కోసం చూడకుండా 108కి చెయ్యమనండి."
"చీమలు పాకతాయి" అన్నాడు మెల్లిగా. "అప్పుడప్పుడూ."
"ఇప్పుడో?"
"ఇప్పుడు లేవు."

రెండు లుంగీలు, ఒక తువ్వాలు, ఆధార్ జిరాక్సు.
గాజుసీసా ఏదీ వద్దు, కొబ్బరినూనెదైనా.
"ఆరు గంటల బస్సెక్కమనండి.
ఎడమ పక్క కూర్చోమనండి, అటంతా పొలాలే.
కుడి పక్క మూడు షాపులుండాయి.
మీరూ తోడు రండి."
"వస్తా" అన్నాడు.
"నేను లేకుండా వాడు యాడికీ పోడు."

ఒంటిగంటకి మళ్ళీ చేశాడు: గేటు నీలమేనా?
మూడింటికి చేసి ఏం మాట్లాడలేదు.
నేనూ మాట్లాడలేదు.
ఫ్యాను తిరుగుతున్న చప్పుడు అక్కడా, ఇక్కడా.

శనివారం ఆరు గంటల బస్సు ఆగకుండానే పోయింది.
ఆదివారం ఆగింది, కూరగాయల గంప దిగింది.
దారి అడిగి రానివాళ్ళకి
ఈ రిజిస్టర్లో గడి లేదు.
వెనక అట్ట మీద పెన్సిల్‌తో గీతలు గీస్తుంటా,
ఎవరికీ చూపించను.

సోమవారం, పదకొండు బస్సుకి,
రోడ్డుకి అవతల ఒక మనిషి.
గుడ్డల షాపు కవరు చంకలో పెట్టుకుని
ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాడు.
వాచ్‌మన్ కాలేషా లేవబోతే కూర్చోమన్నా.
పిలిస్తే వెనక్కి పోయేవాళ్ళని చూశాను.

గది గడప దగ్గరికొచ్చాక అడిగా:
"బామ్మర్ది వచ్చాడా?"
నేల చూసి, "వచ్చాడు" అన్నాడు.
అడక్కముందే బెల్టు తీసి బల్ల మీద పెట్టాడు.
పేరు పెంచలరత్నం.
సంతకం గడి దాటి పక్క మనిషి వరసలోకి పోయింది.
బావ అన్నది నేను కొట్టెయ్యలేదు.

పదో రోజుకి గోడ దూకుతాడేమో,
పోయిన నెల ఇద్దరు దూకారు.

జేబు ఎత్తుగా ఉంటే కాలేషా తడిమాడు.
నాలుగు నిమ్మకాయలు.
"ఇయ్యి... లోపలికి రానిస్తారా?"
రానిస్తాం అన్నా.